పన్నెండో గుండుసూది

"హాటీ! తలుపు తీస్తావా, తీయవా?"

తలుపు వెనక కుళాయి తిప్పిన చప్పుడు జోరుగా వచ్చింది.

"నా మాట వినబడకూడదనే కదా ఆ నీళ్ళు వదిలావు? వినబడుతోందని నాకు తెలుసు!"

"వినబడట్లేదు!" అని బాత్రూంలోంచి అరిచింది నా పదకొండేళ్ళ కూతురు.

నా చేతిలో దాని వాచీ ఉంది. పిల్ల ఏ వీధిలో ఉందో నా ఫోన్‌లో చుక్కలా చూపించే వాచీ. ఇవాళ బడి నుంచి వచ్చిన పది నిమిషాలకే అది చేతికి లేదు. ఫోన్ చూస్తే చుక్క వరండాలో ఉందంది. వరండాలో పిల్ల లేదు. కేకలేసుకుంటూ ఇల్లు రెండుసార్లు చుట్టొచ్చాక, గుమ్మం ముందు కళ్ళూ పళ్ళూ చెక్కి పెట్టిన గుమ్మడికాయ కడుపులో దొరికింది. అంతా జిగురు. ఆ గుమ్మడికాయ నన్ను చూసి ఇకిలిస్తూనే ఉంది. నా ఒళ్ళు మండిపోయింది.

"నేను తిన్నగానే అడిగాను కదమ్మా," అంది హాటీ కుళాయి కట్టేసి. "నేనూ, పక్కింటి వినీ. ఇద్దరమే. వెనకాల పెద్దవాళ్ళు రాకూడదు. వాచీ ఉండకూడదు. ఆరు నుంచి ఎనిమిది దాకా. అంతే."

"అంతేనా? ఇంకేం, కారు తాళాలు కూడా ఇచ్చేదా?"

"నాకు కారు నడపడం రాదుగా."

భోజనాల బల్ల దగ్గర మా అమ్మ కిసుక్కున నవ్వింది. నేను వెనక్కి తిరిగేసరికి నల్లగుడ్డ ఈకలు కుట్టడంలో మునిగిపోయినట్టు తల వంచేసింది. ఇవాళ పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయి అడిగే రాత్రి, మనవరాలికి కాకి వేషం కుడుతోంది. డెబ్భై ఆరేళ్ళొచ్చినా ఆవిడ చేతిలో సూది వణకదు. నోటికి మాత్రం అదుపు లేదు. "ఈ ఏడు ఒక్కదాన్నే పంపిస్తాలే" అని పిల్లకి మాటిచ్చింది ఆవిడే. నాతో ఒక్క ముక్కయినా అనకుండా.

"నువ్వు నవ్వకు, వెర్నా అమ్మమ్మగారూ! ఇదంతా నువ్వు పెట్టిన మంటే."

"నేనేం మంట పెట్టలేదు. పిల్ల వీధిలో తిరుగుతానంది. తిరగమన్నాను."

"తిరగడానికి చర్చి ఆవరణ ఉంది. ముప్పై కార్లు వస్తున్నాయి. డిక్కీలు తెరిచి, బొమ్మలు కట్టి, మిఠాయి పెట్టుకుని అందరూ సిద్ధంగా ఉన్నారు. వెలుతురుంది. అందరూ తెలిసినవాళ్ళే. నెల రోజులు ఒళ్ళు హూనం చేసుకుని ఆ ఏర్పాటు చేసింది ఎవరు? నేను!"

తలుపు అవతలి నుంచి హాటీ గొంతు తాపీగా వచ్చింది. "అమ్మా, ఎవరైనా కారు డిక్కీ తెరిచి చాక్లెట్టు చూపిస్తే అరుచుకుంటూ పారిపొమ్మని నాకు నేర్పిందెవరు?"

అమ్మ ఈసారి దాచుకోకుండానే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, చచ్చినా వాళ్ళకి కనబడనివ్వను.

మా ఆయన డ్వేన్ ఇంట్లో ఉంటే ఒక్క ఓటయినా నాకు పడేది. అక్టోబరు ఆఖర్లో, మొక్కజొన్న కోతలప్పుడు, ధాన్యం గోదాము వదిలి ఆయన రమ్మన్నా రాడు. ఇంట్లో నా పక్షం నేనొక్కదాన్నే.

"మా రోజుల్లో అయితేనా," అని మొదలెట్టింది అమ్మ.

"వద్దు. విన్నాను."

"హాటీ వినలేదుగా. ఏమే కాకీ, వింటున్నావా? మా అమ్మ మా ఆరుగురికీ తలా ఒక దిండు గలీబు ఇచ్చి వీధిలోకి తోలేసేది. గలీబు నిండాక రండి, అంతకు ముందొస్తే తంతా అనేది. ఎక్కడున్నామో ఆవిడకి కాదు కదా, మాకే తెలిసేది కాదు. ప్రతి ఇంట్లో లోపలికి పిలిచి కూర్చోబెట్టేవారు. ముసుగు తీయకుండా ఇది ఎవరి పిల్లో పోల్చుకునేవారు. వేడివేడి ఆపిల్ రసం ఇచ్చేవారు. మేం చెప్పిన జోకు బాగుంటే రెండోసారి పోసేవారు."

"ఆరుగురూ క్షేమంగా ఇంటికొచ్చారా?" అన్నాను నేను, నా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని.

"ఒక ఏడు అయిదుగురమే వచ్చాం. మా లెరోయ్ గాడు ఎవరింట్లోనో సోఫాలో నిద్రపోయాడు. పొద్దున వాళ్ళే గుడ్లు వేయించి పెట్టి పంపించారు."

"విన్నావా హాటీ? పిల్లాణ్ణి పోగొట్టుకుని అదేదో ఘనకార్యంలా చెబుతోంది మీ అమ్మమ్మ!"

"పోలేదు కదే. నిద్రపోయాడు."

నాకు ఇంక ఓపిక లేదు. మా ఇంట్లో ఏ వాదననైనా నరికేసే కత్తి నా దగ్గర ఒకటుంది. నలభై రెండేళ్ళుగా అది ఒక్కసారీ తప్పలేదు. తీశాను.

"మరి గుండుసూది?"

అమ్మ చేతిలో సూది ఆగింది. ఎప్పుడూ ఇంతే. ఆ మాట అంటే చాలు, ఆవిడ నోరు టక్కున మూతపడుతుంది. నేను గెలిచినట్టే.

కానీ ఈసారి బాత్రూం గడియ తీసిన చప్పుడయింది. హాటీ బయటికి వచ్చి నిలబడింది, నల్ల ప్యాంటూ, నల్ల స్వెట్టరూ, మొహం మీద సగం పూసుకున్న నల్లరంగుతో.

"ఆ కథ సరిగ్గా చెప్పమ్మా. మొత్తం. ప్రతిసారీ గుండుసూది అని ఊరుకుంటావు."

చెప్పాను. నాకది నోటికొచ్చిన పాఠం. తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాను, బడిలో చెప్పాను, మా వీధి పిల్లల భద్రతా సంఘానికి నన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్న రోజున ఏకంగా మైకులో చెప్పాను. ఎనభై రెండో సంవత్సరం. నాకు ఎనిమిదేళ్ళు. అంతకు నెలరోజుల ముందే షికాగోలో ఎవడో తలనొప్పి మాత్రల్లో విషం కలిపి ఏడుగుర్ని చంపాడు. దేశమంతా హడలిపోయి ఉంది. అయినా మా ఊరివాళ్ళు మానలేదు. అక్టోబరు ముప్పయ్యో తారీఖు వచ్చిందంటే అయోవాలో మా పిల్లలు ఇల్లిల్లూ తిరగాల్సిందే, జోకు చెప్పాల్సిందే, మిఠాయి తేవాల్సిందే. నేనూ తిరిగాను. ఎదురు వరసలో నాలుగో ఇల్లు, మిసెస్ జెలెంకాది. ఆవిడ చక్కెర పాకం పట్టి పేలాల ఉండలు చేసి, మైనపు కాగితంలో చుట్టి పెట్టేది. ఇంటికొచ్చి ఆ ఉండ కొరికాను. పంటికి తగిలింది. గుండుసూది.

"మీ తాతయ్య నన్నూ సంచీనీ ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. సంచీకి ఎక్స్‌రే తీశారు. మా వెనకాల ఊళ్ళో సగంమంది పిల్లల సంచులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మర్నాడు పేపర్లో నా ఫోటో వేశారు."

"ఇంకేం దొరకలేదా? మిగతా వాళ్ళ సంచుల్లో?"

"లేదు."

"ఆవిడ పేలాల ఉండలు ఇంకా చాలామందికి ఇచ్చిందిగా?"

"ఇచ్చింది."

"ఒక్క నీదాంట్లోనే సూది ఉందా?"

"ఉంది! నీకు నన్ను జడ్జిలా నిలదీయడం ఎవరు నేర్పారే?"

హాటీ తన సగం నల్లమొహంతో నన్నే చూస్తోంది. "ఆవిడకి తొంభయ్యేళ్ళు కదమ్మా. ఎవరూ వెళ్ళరని తెలిసి కూడా ప్రతి ఏడూ వరండా లైటు ఎందుకు వేస్తుంది?"

మా ఊళ్ళో వరండా లైటు వేసి ఉంచితే రండి అని. ఆర్పితే వద్దని. ఆ లైటు నలభై రెండేళ్ళుగా వెలుగుతూనే ఉంది. మా వీధిలో తల్లులు పిల్లలకి చెప్పారు, ఆ పిల్లలు తల్లులై మళ్ళీ వాళ్ళ పిల్లలకి చెప్పారు. ఈమధ్య ఆ పని నేను సులువు చేశాను. ప్రతి అక్టోబరులోనూ వీధి పటం అచ్చువేసి ఇంటింటికీ పంచుతాను. అందులో ఎర్ర గుర్తు ఒక్క ఇంటికే ఉంటుంది.

"ఏమో. ముసలితనం," అన్నాను.

అమ్మ సూదుల దిండు బల్ల మధ్యకి తోసింది.

"హాటీ, ఇలా రా. నా కళ్ళు మసకలు. ఇందులో ఆకుపచ్చ గాజు తలవి ఎన్నున్నాయో లెక్కపెట్టు."

"పదకొండు."

"సరిగ్గా చూడు."

"పదకొండే అమ్మమ్మా."

"నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చినవి. డజను."

"అయితే ఒకటి పోయింది."

"పోలేదు," అంది అమ్మ. నావైపు చూడలేదు. "వెళ్ళి మొహానికి మిగతా రంగు పూసుకో. సగం కాకిని చూసి ఎవరూ చాక్లెట్టు పెట్టరు."

హాటీ వెళ్ళింది. నేను కుర్చీలో కూలబడ్డాను.

అమ్మ రెండు ఈకలు కుట్టింది. మూడోది కుడుతుండగా అడిగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. పోలీసాయన అరచేతిలో పెట్టి చూపించాడు. ఆకుపచ్చ తల. నా సూది నాకు తెలీదా, లిన్?"

దేవుడా! నలభై రెండేళ్ళు!

ఇంక దాచి ఏం లాభం. ఆ సూది పేలాల ఉండలో గుచ్చింది నేనే. మా ఇంటి మెట్ల మీద కూర్చుని, మైనపు కాగితం విప్పి, అమ్మ సూదుల దిండులోంచి తీసిన సూదిని బొటనవేలితో నొక్కి లోపలికి తోశాను. ఎవరికో హాని చేద్దామని కాదు. మిసెస్ జెలెంకా గుమ్మంలో ఆరుగురు పిల్లల ముందు నా జోకు చెప్పాను. కోడి రోడ్డెందుకు దాటింది? అవతలి పక్కకి వెళ్ళడానికి. ఆవిడ నవ్వలేదు. "పోయినేడు కూడా ఇదే చెప్పావు. ఇంకోటి చెప్పు," అంది. నాకు ఇంకోటి రాదు. పిల్లలంతా గొల్లున నవ్వారు. నా జోక్కి కాదు, నన్ను చూసి. నా కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ ఉండ ఇచ్చింది, ఇవ్వకపోలేదు. కానీ నాకు మంట. ఆవిణ్ణి ఎవరైనా ఒక్కసారి తిట్టాలి, అంతే అనుకున్నాను. ఊరు ఊరంతా తిడుతుందని ఎనిమిదేళ్ళదానికి ఏం తెలుసు?

"తెలిసీ నోరు మూసుకున్నావా?" అన్నాను. "నా చెంప పగలగొట్టి ఆ గుమ్మంలోకి ఈడ్చుకెళ్ళి నిలబెట్టాల్సింది కదా!"

"అనుకున్నాను. పొద్దున్నే తీసుకెళ్దామని. పొద్దున్నే పేపర్లో నీ ఫోటో వచ్చింది. మీ నాన్న దాన్ని షాపులో అందరికీ చూపిస్తున్నాడు, నా కూతురు బతికి బయటపడిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ. రేపు చెబుదాం అనుకున్నాను. రేపు రేపు అని నెలయింది. నెల తరవాత చెబితే, ఈ నెలంతా ఏం చేశావంటారు." అమ్మ దారం పళ్ళతో కొరికింది. "నేను పిరికిదాన్ని. ఒప్పుకుంటున్నాను. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు కూడా కాదు, ముప్పై నాలుగు. సరే. మరి నీ సంగతేంటి? నువ్వు ఎర్ర గుర్తు పెడుతున్నావు."

"నేను పెట్టకపోయినా జనం వెళ్ళరు."

"ఆ మాట హాటీతో అను చూద్దాం."

అనలేను. అదే నా భయం. సంఘం పదవి పోతే పోనీ. ఊళ్ళో మొహం చెల్లకపోతే చెల్లకపోనీ. ఆ పదకొండేళ్ళ పిల్ల నన్ను చూసే చూపు మారిపోతుంది. అమ్మ చెప్పిందంటే నిజమే అని నమ్మే పిల్ల ఇవాళ్టితో ఆఖరు. అది నాకు చావు కంటే ఎక్కువ.

"పిల్లకి భయం నేర్పు, వద్దనను," అంది అమ్మ, వేషం ఎత్తి వెలుతుర్లో చూస్తూ. "కార్లకి భయపడమను. అందుకే చూడు, రెక్కల చివర మెరిసే పట్టీ కుట్టాను. మా కాలంలో ఇది లేదు. ఉంటే బాగుండేది. మేం అదృష్టం కొద్దీ బతికాం, తెలివి కొద్దీ కాదు. అది నేనొప్పుకుంటాను. కానీ ఆ ముసలమ్మకి భయపడమనకు. ఇవాళ ఒకటి ఎంచుకో. దాన్ని వీధిలోకి వదులు, లేదా దానికి నిజం చెప్పు. రెండూ చేయకుండా ఇంకో ఏడాది గడపనివ్వను. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

నేను సులువైనది ఎంచుకున్నాను. వదిలాను.

ఆరింటికి అయిదు నిమిషాలుండగా కాకి వచ్చి నా ముందు నిలబడింది. వాచీ చేతికి వద్దంది, జేబులో అయితే సరేనంది. నేను మళ్ళీ బేరమాడలేదు. చలికి కోటు వేసుకోమంటే కాకులు కోట్లు వేసుకోవంది. వేసుకుంది.

"జోకు సిద్ధం చేసుకున్నావా?" అంది అమ్మమ్మ.

"మా అమ్మ నన్ను ఒంటరిగా పంపించింది."

"జోకు చెప్పవే."

"అదే జోకు."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పక్కింటి వినీ తపాలాపెట్టె వేషంలో గేటు దగ్గర నిలబడి చేతులూపుతోంది. ఇద్దరూ ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

నేను గుమ్మంలో చాక్లెట్ల గిన్నె పట్టుకుని నిలబడ్డాను, ఒక కన్ను వీధి మీద, ఒక కన్ను ఫోన్ మీద. వీధంతా సగం చీకటి. వచ్చేవాళ్ళలో పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ. మూడేళ్ళు నిండని ఒక వ్యోమగామిని వాళ్ళ నాన్న టోబిన్ ఎత్తుకొచ్చాడు, ఒక చేతిలో పిల్లాడు, ఒక చేతిలో ఫోన్ లైటు. పిల్లాడు జోకు చెప్పబోయి తుమ్మాడు. అదే జోకనుకుని ఇచ్చేశాను.

"మీ పటం భలే పనికొస్తోంది, లినెట్ గారూ," అన్నాడు టోబిన్. "మేం కొత్తగా వచ్చినవాళ్ళం కదా, మాకేం తెలుసు. ఎర్ర గుర్తు ఇంటి దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి ఇవతలే నడిచాం. మీరు లేకపోతే ఈ వీధి ఏమైపోయేదో."

"దానిదేముంది," అన్నాను. నా మొహం మీద నవ్వు అతికించినట్టుంది.

అతను వెళ్ళాక ఫోన్ చూశాను. చుక్క ఎదురు వరసలోకి దాటింది. ఒకటో ఇల్లు. రెండు. మూడు.

నాలుగో ఇంటి దగ్గర ఆగింది.

ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఏ ఇంటి గుమ్మంలోనూ ఇంతసేపు పట్టదు. ఆ ఇంట్లో భయపడాల్సింది ఏమీ లేదని ఈ ఊరు మొత్తంలో కచ్చితంగా తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా అమ్మా. అయినా, నేను చెప్పిన అబద్ధానికి నేనే హడలిపోతున్నాను. అంత బాగా చెప్పుకొచ్చానన్నమాట.

ఆరు నిమిషాలు. తపాలాపెట్టె ఒక్కతే వగరుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"లినెట్ ఆంటీ! హాటీ లోపలికెళ్ళింది! నేను వద్దన్నాను, ఒట్టు! ఆ మామ్మగారు ఎవరి పిల్లవి అని అడిగారు. 'మీ గుండుసూది దొరికిన అమ్మాయి కూతుర్ని' అంది హాటీ. ఆవిడ తలుపు బార్లా తీసి లోపలికి రమ్మన్నారు. నేను వచ్చేశాను."

నేను వెనక్కి తిరిగాను. అమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. బొత్తాల డబ్బా మూత తీసి, అడుగునుంచి మడత పెట్టిన పాత కవరు తీసింది. పోలీసులు కేసు మూసేశాక మా నాన్నకి తిరిగిచ్చేసిన కవరు. నాన్న చెత్తలో వేస్తే ఆవిడ ఏరి దాచింది.

"ఇదీ పన్నెండోది," అంది. "దిండుకి గుచ్చడానికి ఎప్పుడూ మనసొప్పలేదు. నేనూ రానా?"

"వద్దు. గుమ్మం దగ్గర పిల్లలొస్తారు, నువ్వుండు."

"భయంగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ. నడు."

నడిచాను. ఏభయ్యేళ్ళ దాన్ని, కోటు లేకుండా, ఇంటి చెప్పులతో, గుప్పిట్లో సూదితో. రోడ్డు దాటుతుంటే విచిత్రంగా గుండె కుదుటపడింది. నలభై రెండేళ్ళలో మొదటిసారి నేను వెళ్ళాల్సిన చోటికే వెళ్తున్నాను.

మిసెస్ జెలెంకా వరండా మెట్లు మూడే. తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఎత్తు పీట మీద నా కాకి కూర్చుని ఉంది, కాళ్ళు ఊపుతూ. దాని ఒళ్ళో మైనపు కాగితంలో పేలాల ఉండ. విప్పలేదు. ఆవిడ నడక కర్ర మీద ఒరిగి గుమ్మంలోకి వచ్చింది. ఎంత చిన్నదైపోయిందో! నా భుజం దాకా కూడా రాదు.

"వేషం వేసుకోకుండా వచ్చావే," అంది నన్ను కిందినుంచి పైదాకా చూసి.

"అవునండీ."

"సరే. జోకు?"

అందరికీ అదే రూలు. వయసుతో పని లేదు.

"కోడి రోడ్డెందుకు దాటింది?"

ఆవిడ మొహంలో ఏదో కదిలింది. నన్ను గుర్తుపట్టిందో, జోకుని గుర్తుపట్టిందో.

"ఇదే చెప్పావు అప్పుడూ. అంతకు ముందేడూ ఇదే."

"అమ్మా," అంది హాటీ పీట మీదనుంచి, ఉండని రెండు చేతులతో పైకెత్తి. "నీకోసమే ఆగాను. ఇది తినొచ్చా?"

అది ఎగతాళిగా అడగలేదు. నేను తినొచ్చంటే తింటుంది. వద్దంటే పెట్టేస్తుంది. ఇప్పటికీ నా మాట మీద అంత నమ్మకం.

నేను గుప్పిట విప్పాను. వరండా లైటు వెలుతుర్లో ఆకుపచ్చ గాజు తల తళుక్కుమంది.

"తిను తల్లీ. నిశ్చింతగా తిను. ఈ సూది మీ అమ్మమ్మది. అప్పుడు దాన్ని అందులో గుచ్చింది నేను. ఈవిడ ఏ పాపం ఎరగరు."

హాటీ కాళ్ళు ఊపడం ఆపింది. నావైపు అలా చూస్తూనే ఉంది. ఆ చూపు మారిందో లేదో చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ తరవాత నెమ్మదిగా మైనపు కాగితం విప్పి, ఉండ కొరికింది. కరకరమని చప్పుడయింది.

మిసెస్ జెలెంకా సూదిని చూడలేదు. నా భుజం మీదుగా వీధిలోకి చూస్తోంది. నేనూ తిరిగి చూశాను. రోడ్డుకి అవతల టోబిన్ తన వ్యోమగామిని ఎత్తుకుని ఆగిపోయాడు. అతని పక్కన ఇంకో రెండు కుటుంబాలు. ఎర్ర గుర్తు ఇంటి గుమ్మంలో సంఘం అధ్యక్షురాలు ఏం చేస్తోందా అని అందరి కళ్ళూ ఇటే. ఒకరి చేతిలో నేను పంచిన పటం కూడా ఉంది.

"నాకు ఈమధ్య చెవులు బొత్తిగా వినబడటం లేదమ్మా," అంది ఆవిడ, కర్ర మీద రెండు చేతులూ ఆనించి. "మళ్ళీ చెప్పు. ఈసారి అటు తిరిగి, కాస్త గట్టిగా."

నేను వీధి వైపు తిరిగి గొంతు సవరించుకున్నాను.